దేహానికి పట్టా ఉంటుందా?

దివిసీమలో నాగాయలంక వైపు పొలం తగాదా వస్తే గట్టు ఎవరిది, కౌలు గడువు తీరిందా, పాస్‌బుక్కు ఎవరి పేరున ఉంది అని అడుగుతారు. అమెరికా స్వేచ్ఛావాదులు కొందరు గర్భస్రావాన్నీ ఇదే లెక్కన తేల్చబోయారు. స్త్రీ తన దేహానికి పూర్తి యజమాని, ఆమె వద్దనుకున్న పిండం అందులో చొరబడినట్టేనని ముర్రే రాత్‌బార్డ్ 1982లో ‘ద ఎథిక్స్ ఆఫ్ లిబర్టీ’లో రాశాడు. వాల్టర్ బ్లాక్ దాన్ని సవరించాడు: ఖాళీ చేయించే హక్కు ఆమెకుంది, బయట బతకగలిగితే చంపే హక్కు లేదు.

భర్తకూ ప్రభుత్వానికీ ఇందులో పెత్తనం లేదనడం వరకు నాకు సమ్మతమే. వాళ్లు చూపిన కారణమే దివిసీమలో నిలవదు. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తినప్పుడు డాబా ఎక్కినవాణ్ణి ‘ఇల్లు నాది’ అని నీళ్లలోకి తోస్తే, దస్తావేజు ఎంత గట్టిదైనా దాన్ని హక్కనం. కడుపును ఇంటితో పోలిస్తే ఓడేది ఆడమనిషే. డాబా మీద పదిమంది నిలబడినా ఇంటాయన ఒంట్లో నెత్తురు తగ్గదు. గర్భం ఆమె రక్తంతో పెరుగుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే తెస్తుంది. పైగా ఆస్తిని అమ్మొచ్చు, కౌలుకివ్వొచ్చు, అప్పు కింద జప్తు చేయొచ్చు. కడుపునూ ఆస్తే అంటే, ఒకసారి ఒప్పుకున్నావు కనుక మోసి తీరాలని ఎవరైనా పట్టుబట్టవచ్చు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆస్తి ఊసెత్తకుండానే ఈ ప్రశ్న దగ్గరికొచ్చారు. 1983లో నటి సరిత కేసులో, విడిగా ఉంటున్న భార్య గానీ భర్త గానీ కాపురానికి రావాలని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. బిడ్డను ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో తేల్చుకునే నిర్ణయాన్ని భార్య చేతిలోంచి లాక్కోవడం మనిషి గౌరవానికే భంగమన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. అయినా బిడ్డను కనాలా వద్దా అన్నది వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని 2009లో అదే కోర్టు సుచితా శ్రీవాస్తవ కేసులో చెప్పింది.

1971 నాటి మన గర్భస్రావ చట్టం మాత్రం నిర్ణయాన్ని పూర్తిగా స్త్రీకి వదలలేదు, డాక్టరు ఒప్పుకోవాలంది. 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు, చట్టం చెప్పిన కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా ఇద్దరు. ఈ పట్టు ఇంకా సడలాలి. గర్భస్రావం కోసం అవనిగడ్డకో మచిలీపట్నానికో వెళ్లేవాళ్లు ఒక్కటి తెలుసుకోవాలి: మేజరైన మహిళకు భర్త సంతకం అక్కర్లేదు. ఇంటివాళ్ల సమ్మతి తెమ్మని డాక్టర్లు అడగకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పులోనే చెప్పింది.