బండి ఎవరి చేతిలో ఉంది?

కోతలైపోయాక శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల చుట్టుపక్కల ఊరి రోడ్లు సగం కళ్లాలైపోతాయి. ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు. ఇంకోచోట ఉలవ మొక్కలు పరిచి వదిలేస్తే వచ్చేపోయే బండ్ల చక్రాలే నూర్చిపెడతాయి. ఆ పక్కనే ఆరు వరుసల కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి. నిన్నమొన్నటి దాకా ఎన్‌హెచ్-5 అనేవాళ్లం, ఇప్పుడు ఎన్‌హెచ్-16. లారీలు, ఆర్టీసీ బస్సులు, పైడిభీమవరం ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులతోపాటు, నిలబడ్డ చోటు నుంచి నాలుగైదు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకునే కార్లు కూడా ఇప్పుడు ఆ దారిన పోతున్నాయి.

అలాంటి కారొకటి హైవే దిగి ఊళ్లోకి తిరిగి, ఆ గింజల మీద గట్టిగా బ్రేకు వేసిందనుకోండి. ఏబీఎస్ ఉంది కదా, ఆగుతుందిలే అనుకుంటాం. గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. చక్రం బిగుసుకుపోబోతోందని కంప్యూటర్ పసిగట్టి బ్రేకు వదులుతుంది, మళ్లీ పడుతుంది, మళ్లీ వదులుతుంది. ఈలోగా కారు ముందుకు పోతూనే ఉంటుంది. ఇసుక, వదులు కంకర మీద కూడా ఇదే తీరు. చక్రం పూర్తిగా బిగుసుకుపోతే దాని ముందు కంకర గుట్టగా పేరుకుని బండిని కొంత ఆపుతుంది. ఏబీఎస్ ఆ గుట్టను పేరుకోనివ్వదు. కాబట్టి అలాంటి చోట ఆగే దూరం తగ్గకపోగా పెరగొచ్చు కూడా.

ఏబీఎస్ చెడ్డదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. కోట్ల రూపాయల కారులోని ఎలక్ట్రానిక్స్ అయినా, ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టిన చెయ్యి అయినా పనిచేసేది టైరుకూ రోడ్డుకూ మధ్యనున్న పట్టు మీదే. ఒక్కో టైరు నేలను తాకే మేర అరచేతి కన్నా పెద్దగా ఉండదు. ఆ నాలుగు అరచేతుల పట్టును దాచి వాడుకోవడం కంప్యూటర్‌కు వచ్చు. లేని పట్టు తెచ్చిపెట్టడం దానికీ రాదు, మనిషికీ రాదు.

పాత విద్య

నేను బండి నేర్చుకున్నది అంబాసిడర్ మీద. నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పింది బ్రేకు గురించే. ఒక్కసారి తొక్కి పట్టొద్దు, తొక్కి వదులు, తొక్కి వదులు. వానాకాలంలో ఆ విద్యే ప్రాణం కాపాడేది. చక్రం బిగుసుకుపోతే స్టీరింగు ఎటు తిప్పినా బండి మాట వినదు. తిరుగుతున్న చక్రమే మలుపు తిరుగుతుంది.

1978లో బాష్ కంపెనీ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది. ఆ పెద్దాయన కాలు చేసే పనినే అది సెకనుకు పదిసార్లకు పైగా, అవసరమైన చక్రానికి అవసరమైనంత మేరకు చేస్తుంది. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరుకైనా ఉన్నది ఒక్క పెడలే. నాలుగు చక్రాలకు నాలుగు రకాలుగా బ్రేకు వెయ్యడం ఏ కాలికీ సాధ్యం కాదు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి.

బండి మారింది, విద్య మాత్రం పాతదే మిగిలింది. ఏబీఎస్ ఉన్న కారులోనూ మనవాళ్లు ఇంకా తొక్కి వదులుతూనే ఉన్నారు. కొందరు గట్టిగానే తొక్కుతారు గానీ, కాలికింద పెడల్ గడగడా అదిరేసరికి ఏదో విరిగిందని బెదిరి కాలు తీసేస్తారు. ఆ అదురే ఏబీఎస్ పనిచేస్తోందనడానికి గుర్తు. పూర్తిగా తొక్కి, అలాగే పట్టి ఉంచి, కళ్లు తప్పించుకోవాల్సిన వైపు పెట్టి స్టీరింగు తిప్పాలి. డ్రైవింగ్ స్కూళ్లలో ‘హెచ్’ తిప్పడం నేర్పినంత శ్రద్ధగా ఈ ఒక్క సంగతి నేర్పితే ఎన్నో ప్రాణాలు నిలబడతాయని నా నమ్మకం.

దుప్పి పరీక్ష, గేదె పరీక్ష

ఏబీఎస్ తరువాతి మెట్టు స్టెబిలిటీ కంట్రోల్. డ్రైవరు స్టీరింగు ఎటు తిప్పాడు, కారు నిజంగా ఎటు తిరుగుతోంది అని రెండూ పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి, ఇంజను జోరు తగ్గించి, కారును దారికి తెస్తుంది. 1995లో ఖరీదైన మెర్సిడెస్‌లో మొదలైన ఈ ఏర్పాటు మామూలు కార్లలోకి రావడానికి ఒక పరాభవం కారణం. 1997 అక్టోబరులో స్వీడన్‌లోని ఒక మోటారు పత్రిక మెర్సిడెస్ ఏ-క్లాస్ చిన్నకారును పరీక్షించింది. అడవి దారిలో పెద్ద దుప్పి అడ్డొస్తే డ్రైవరు చటుక్కున పక్కకు తిప్పి, మళ్లీ తన వరుసలోకి రావాలి కదా, అదే ఆ పరీక్ష. కారు బోల్తా కొట్టింది. మెర్సిడెస్ అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చి, ఆ చిన్నకారుకు కూడా స్టెబిలిటీ కంట్రోల్ బిగించింది.

దుప్పి బదులు గేదె అనుకోండి. మన హైవే మీద చిలకపాలెం నుంచి కుశాలపురం దాకా ఈ పరీక్ష రోజూ జరిగేదే. ఒంటరిగా అదుపు తప్పి ప్రాణాలు తీసే ప్రమాదాల ముప్పును ఈ ఏర్పాటు దాదాపు సగానికి తగ్గించిందని అమెరికాలోని హైవే భద్రత బీమా సంస్థ తేల్చింది. అందుకే కొత్త కారు కొనేవాళ్లు సన్‌రూఫ్ కంటే ముందు అడగాల్సింది ఇది.

నైపుణ్యం ఓడిన చోట, యంత్రం ఓడిన చోట

స్పోర్ట్స్ కార్ల లోకంలో ఒక గర్వం ఉంది. అసలైన డ్రైవరుకు ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదనీ, స్టెబిలిటీ కంట్రోల్ బటన్ ఆపేసి నడిపేవాడే మొనగాడనీ. పోర్షే కరేరా జీటీ ఆ గర్వానికి గుర్తుగా నిలిచిన కారు. పది సిలిండర్ల ఇంజను, ఆరొందల గుర్రాలకు పైగా బలం, ఏబీఎస్ ఉంది, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో ఆ కారు స్తంభాన్నీ చెట్లనూ గుద్ది తగలబడింది. ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ నటుడు పాల్ వాకర్ చనిపోయాడు. నడుపుతున్నది ఆయన స్నేహితుడు. రేసింగ్ అనుభవం ఉన్నవాడు. ఆయనా పోయాడు. 72 కిలోమీటర్లు దాటకూడని చోట 130 నుంచి 150 మధ్య వేగంలో వెళ్లారనీ, టైర్లు తొమ్మిదేళ్ల నాటివనీ విచారణలో తేలింది. టైరు రబ్బరు బిరుసెక్కితే పట్టు పోతుంది. ఆ సంగతి స్టీరింగు పట్టిన చేతికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

అలాగని అన్నీ ఉన్న కారు కాపాడుతుందా? 2017 మే 10న తెల్లవారుజామున హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో మెర్సిడెస్ జీ63 మెట్రో స్తంభాన్ని ఢీకొట్టింది. స్టెబిలిటీ కంట్రోల్, ఎయిర్‌బ్యాగులు అన్నీ ఉన్న బండి అది. అందులో ఉన్న ఇద్దరు యువకులూ మిగల్లేదు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ఆ లెక్క ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు.

నిజంగా నైపుణ్యం చూడాలంటే రేసు ట్రాక్‌కు వెళ్లాలి. ఫార్ములా వన్‌లో 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్ నిషేధం. చక్రం జారకుండా చూడాల్సింది డ్రైవరు కాలే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు, ప్రపంచంలో మేటి అనదగ్గ డ్రైవర్లు మన వీధుల్లోనే పోటీపడ్డారు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అదే రేసులో జాగ్వార్ జట్టు డ్రైవరు శామ్ బర్డ్ మలుపు దగ్గర తన సొంత జట్టు సహచరుణ్నే గుద్దాడు. అంతటివాళ్లకూ లెక్క తప్పుతుంది. అక్కడ తప్పితే పక్కన మెత్తని అడ్డుగోడ ఉంటుంది, నెత్తిన హెల్మెట్ ఉంటుంది, నిమిషంలో డాక్టరు వస్తాడు. ఎచ్చెర్ల కూడలిలో లెక్క తప్పితే ఎదురుగా ఉండేది షేర్ ఆటో. దాంట్లో యూనివర్సిటీకో ఎస్.ఎం.పురం ట్రిపుల్ ఐటీకో వెళ్తున్న పిల్లలు. అందుకే రోడ్డు మీద బటన్ ఆపేసి నడిపేవాణ్ని నేను మొనగాడని ఒప్పుకోను. తన బండి ఏం చేస్తుందో, ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే ఊహించలేని మనిషే ఆ పని చేస్తాడు.

యంత్రం మీద భరోసా పెరిగితే మనిషి మారిపోతాడన్న సంగతి 1980లలోనే జర్మనీలో బయటపడింది. మ్యూనిక్‌లో ఒకే కంపెనీ టాక్సీల్లో కొన్నిటికి ఏబీఎస్ పెట్టి, కొన్నిటికి పెట్టకుండా కొన్నేళ్లు గమనించారు. ఏబీఎస్ ఉన్న టాక్సీల ప్రమాదాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆ డ్రైవర్లు ముందు బండికి మరింత దగ్గరగా వెళ్లారు, మలుపుల్లో మరింత దూకుడు చూపారు. యంత్రం ఇచ్చిన లాభాన్ని వేగంలో ఖర్చుపెట్టేశారు.

ఎచ్చెర్ల లెక్క

మన హైవే మీద లెక్క వేసి చూద్దాం. గంటకు వంద కిలోమీటర్లంటే సెకనుకు 28 మీటర్లు. ఆపద కనిపించాక కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను పడితే, బ్రేకు పడకముందే 28 మీటర్లు పోతాం. మంచి టైర్లతో, పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 50. మొత్తం దాదాపు 80 మీటర్లు. వేగం 140 అయితే అదే దూరం సుమారు 135 మీటర్లు. వానలో పట్టు సగమైతే బ్రేకు దూరం రెట్టింపు. రాత్రి డిమ్ లైటు వెలుగు అంత దూరం చేరదు. నాలుగు, అంతకన్నా ఎక్కువ వరుసల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి వంద. అది పోలీసుల కోసం పెట్టిన అంకె అనుకోవద్దు.

ఎచ్చెర్ల నుంచి విశాఖ వైపు వెళితే రణస్థలం వస్తుంది. ఆ సమీపంలోనే 2012 నవంబరు 2 తెల్లవారకముందే మాజీ కేంద్రమంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు ప్రయాణిస్తున్న కారు ట్యాంకరును ఢీకొట్టింది. సిక్కోలు జిల్లా తన పెద్దదిక్కును ఈ రోడ్డు మీదే పోగొట్టుకుంది. ఇప్పుడు కొత్త కార్లలో ముందున్న బండిని రాడార్‌తో, కెమెరాతో చూసి తనంతట బ్రేకు వేసే ఏర్పాట్లు వచ్చాయి. అవి రావాలి, చవక కార్లలోకీ రావాలి. కానీ పొగమంచులో, ఎదురు వెలుగులో, హఠాత్తుగా అడ్డొచ్చే పశువు విషయంలో వాటిని నమ్ముకోవద్దని కంపెనీలే కార్ల మాన్యువల్‌లో రాస్తున్నాయి. పుష్యమాసపు తెల్లవారుజామున నాగావళి మీది మంచు చూసినవాళ్లకు ఆ హెచ్చరిక ఎందుకో తెలుసు.

నాకు తెలిసిన మంచి డ్రైవర్ల బండిలో కూర్చుంటే బ్రేకు వేసినట్టే తెలియదు. కూడలి కనిపించకముందే కాలు యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. ఆటో ముందు చక్రం వాలు చూసి అది ఎటు తిరుగుతుందో చెప్పేస్తారు. గట్టు మీద ఒక మేక కనిపిస్తే వెనక ఇంకో నాలుగుంటాయని వాళ్లకు తెలుసు. ఈ విద్య ఏ సెన్సర్‌కూ ఇంకా పట్టుబడలేదు. ఈ విద్య ఉన్నవాళ్లు ఏబీఎస్‌నూ స్టెబిలిటీ కంట్రోల్‌నూ చిన్నచూపు చూడటం కూడా నేను చూడలేదు.

ఈ ఆదివారం రెండు పనులు చెయ్యండి. ఖాళీ మైదానం చూసుకుని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకున్నాక, నలభై కిలోమీటర్ల వేగంలో బ్రేకు పూర్తిగా తొక్కి పట్టండి. పెడల్ అదురు మీ కాలికి ఒక్కసారి అలవాటు కావాలి. తరవాత కిందికి దిగి టైరు పక్కభాగం మీద ‘డాట్’ అన్న అక్షరాల వరుస వెతకండి. చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2318 అని ఉంటే ఆ టైరు 2018లో ఇరవైమూడో వారంలో తయారైంది.