ఇమాం చదివించినా పుస్తకం లేకుంటే పెళ్లి చెల్లదు
టర్కీ దేశంలో వివాహ చట్టం తీరు

టర్కీ దేశంలో ఒక రైతు ఇల్లాలికి 1976లో నికాహ్ జరిగింది. ఇమాం వచ్చి మత విధి ప్రకారం పెళ్లి జరిపించాడు. ఆరుగురు బిడ్డలు పుట్టారు. ఇరవై ఆరేళ్లు కాపురం చేశాక 2002లో భర్త కన్నుమూశాడు. భర్త తరఫున తనకు పింఛను, వైద్య సదుపాయం ఇప్పించమని ఆమె దరఖాస్తు పెట్టుకున్నది. చట్టం దృష్టిలో ఆమె అతని భార్య కాదని అధికారులు తోసిపుచ్చారు.

ఆమె కోర్టు మెట్లు ఎక్కింది. చిన్న కూతురును ఆ తండ్రి బిడ్డగా రికార్డులో ఎక్కించడానికి 2003లో కోర్టు ఒప్పుకున్నది గాని, తల్లి పెళ్లిని మాత్రం గుర్తించలేదు. పింఛను తగాదా చివరకు ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఉన్న యూరపు మానవ హక్కుల కోర్టు దాకా పోయింది. 2010 నవంబరు 2న ఆ కోర్టు విస్తృత ధర్మాసనం కూడా ఆమెకు అన్యాయం జరగలేదనే తీర్పు చెప్పింది.

ఇంతకూ ఆమె దగ్గర లేనిదేమిటి? పెళ్లి జరిపించిన సర్కారు అధికారి చేతికిచ్చే ఒక చిన్న పుస్తకం. దానిని అక్కడ కుటుంబ పుస్తకం అంటారు.

1926లో వచ్చిన మార్పు

టర్కీ జనాభాలో అత్యధికులు ముస్లిములే. ఒకప్పుడు ఆ దేశాన్ని ఏలిన ఉస్మానియా సుల్తానులే ఖలీఫాలుగా కూడా ఉండేవారు. 1923లో రిపబ్లిక్ ఏర్పడింది. 1924లో ఖలీఫా పదవిని రద్దు చేసి, ఆ వంశం వారిని దేశం దాటించారు. ఆ చివరి ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్, అదే వంశపు ఆడపడుచు నిలోఫర్ 1931లో ఫ్రాన్సులో నిజాం కుమారులను పెళ్లాడి హైదరాబాదు కోడళ్లయ్యారు. హైదరాబాదులో పిల్లల వైద్యానికి పేరుపడిన నిలోఫర్ ఆసుపత్రి ఆమె పేరు మీద వెలిసినదే.

ఆ వంశం దేశం వదిలిన రెండేళ్లకు, అంటే 1926లో, కొత్త ప్రభుత్వం స్విట్జర్లాండు చట్టాన్ని నమూనాగా తీసుకుని పౌరచట్టం తెచ్చింది. అప్పటినుంచి పెళ్లి అంటే సర్కారు అధికారి ఎదుట జరిగినదే పెళ్లి. ఒకరికి ఒక్కరే భార్య, ఒక్కరే భర్త. 2002 జనవరి 1న ఆ చట్టం స్థానంలో మరో పౌరచట్టం అమలులోకి వచ్చింది గాని, ఈ మూల సూత్రం మారలేదు. సర్కారు పెళ్లి నియమానికి రాజ్యాంగంలోనే రక్షణ కల్పించారు.

పెళ్లికి ఏమేమి కావాలి?

వధూవరులిద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. ఇద్దరిలో ఎవరు ఉండే ఊళ్లోనైనా సరే. మునిసిపాలిటీ ఉన్నచోట మేయరు గాని, ఆయన నియమించిన ఉద్యోగి గాని పెళ్లి జరిపిస్తారు. పల్లెల్లో ఆ అధికారం ‘ముహ్తార్’ది. ముహ్తార్ అంటే ఒకప్పటి మన మునసబు వంటివాడు. అయితే వారసత్వంగా వచ్చినవాడు కాదు, ఊరివారి ఓట్లతో ఎన్నికైనవాడు.

గుర్తింపు కార్డులు, ఆరోగ్య ధ్రువపత్రం జతపరచాలి. తలసీమియా అనే వంశపారంపర్య రక్త వ్యాధి పరీక్ష కూడా ఇందులో ఉంటుంది. లోగడ పెళ్లి అయి ఉంటే అది విడాకులతోనో మరణంతోనో ముగిసినట్లు రుజువు చూపాలి. మొదటి పెళ్లి ఉండగా రెండో పెళ్లి చేసుకుంటే జైలు శిక్ష ఉన్నది.

వయసు పద్దెనిమిది నిండితే ఎవరి అనుమతీ అక్కరలేదు. పదిహేడు నిండిన వారికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పదహారు నిండిన వారికి చాలా ప్రత్యేకమైన కారణం ఉంటే తప్ప జడ్జి అనుమతి ఇవ్వరు. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా ఇదే లెక్క.

వరసల విషయంలో మనవారు తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉన్నది. మన వైపు అక్క కూతురును చేసుకునే ఆచారం కొన్ని కులాల్లో ఉన్నది. టర్కీలో మేనమామకు మేనకోడలితో పెళ్లి చట్టరీత్యా నిషిద్ధం. ఇస్లాం మతమూ దానిని ఒప్పుకోదు. మేనమామ, మేనత్త బిడ్డల మధ్య పెళ్లికి మాత్రం అడ్డు లేదు.

పెళ్లి బహిరంగంగా, ఇద్దరు సాక్షుల ఎదుట జరగాలి. అధికారి ముందు ఒకరిని, తర్వాత ఒకరిని ఇష్టమేనా అని అడుగుతాడు. ఇద్దరూ ఔననగానే పెళ్లి అయినట్లే. తర్వాత సంతకాలు చేస్తారు. ఆ సమయంలో ఎవరు ముందుగా రెండో వారి కాలు తొక్కితే ఇంట్లో వారి మాటే చెల్లుతుందని అక్కడ ఒక సరదా నమ్మకం. చివరకు కుటుంబ పుస్తకం చేతికి వస్తుంది.

ముందు పుస్తకం, తర్వాత నికాహ్

మత విధిగా నికాహ్ చేసుకోవద్దని చట్టం అనలేదు. ఇష్టమున్నవారు చేసుకోవచ్చును, చాలామంది చేసుకుంటున్నారు కూడా. అయితే కుటుంబ పుస్తకం చూపించనిదే నికాహ్ జరిపించరాదన్నది నియమం. ఈ నియమం తప్పిన దంపతులకూ, జరిపించిన ఇమాముకూ రెండు నుంచి ఆరు నెలల జైలు అని 2004 నాటి శిక్షాస్మృతిలో రాశారు. 2015 మే 27న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ శిక్షను కొట్టివేసింది. పెళ్లే లేకుండా కలిసి కాపురముండేవారికి లేని శిక్ష, నికాహ్ చేసుకున్నవారికి ఎందుకన్నది అప్పుడు వచ్చిన ప్రశ్న. శిక్ష పోయినా పౌరచట్టంలోని నియమం అలాగే ఉన్నది. ఒక్క నికాహ్‌తో భార్యకు చట్టబద్ధమైన హక్కేదీ రాదు.

2017లో మరో మార్పు వచ్చింది. ప్రభుత్వ మత వ్యవహారాల సంస్థ కింద పనిచేసే జిల్లా, రాష్ట్ర స్థాయి ముఫ్తీలకు కూడా సర్కారు పెళ్లి జరిపించే అధికారం ఇచ్చారు. ప్రజలకు సౌకర్యం కోసమేనని ప్రభుత్వం చెప్పింది. బాల్య వివాహాలు పెరుగుతాయనీ, మతాన్నీ చట్టాన్నీ కలిపివేస్తున్నారనీ మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ముఫ్తీ జరిపించినా వయసు, పత్రాలు, సాక్షుల నియమాలు అవే.

నష్టపోయేది ఎవరు?

చట్టం వచ్చి దాదాపు వందేళ్లు అవుతున్నా, ఒట్టి నికాహ్‌తో ఆగిపోయే జంటలు అక్కడ ఇంకా ఉన్నాయి. మతం ప్రకారం అయింది కదా, ఇంకేం కావాలి అనుకునేవారు కొందరు. పిల్ల వయసు చాలక ఆగేవారు కొందరు. రెండో భార్యను తెచ్చుకునేవారు సర్కారు గడప ఎలాగూ తొక్కరు. ఇలాంటి కాపురాలలో పుట్టిన పిల్లలను రికార్డుల్లో ఎక్కించడానికి 1933 మొదలుకొని పలుమార్లు ప్రత్యేక చట్టాలు చేయవలసి వచ్చింది. ఆ విధంగా బిడ్డలకు దారి దొరికింది. తల్లులకు మాత్రం దొరకలేదు. భర్త ఉన్నన్నాళ్లూ తేడా కనిపించదు. అతను పోయిన నాడో, ఇంట్లోనుంచి వెళ్లగొట్టిన నాడో తెలుస్తుంది. అప్పుడు పింఛను ఉండదు, భార్యగా ఆస్తిలో వాటా ఉండదు, భరణమూ ఉండదు.

స్ట్రాస్‌బర్గు కోర్టు కూడా ఈ సంగతే ఎత్తిచూపింది. ఆడవారిని బహుభార్యత్వం వంటి వాటినుంచి కాపాడడానికే ఈ చట్టం వచ్చిందనీ, పెళ్లి నమోదు చేసుకోవడం కష్టమైన పనేమీ కాదనీ, అందుకు ఆమెకు ఇరవై ఆరేళ్ల వ్యవధి ఉన్నదనీ చెప్పింది. న్యాయం ప్రకారం అది సరే కావచ్చును. కాని ఆడవారిని కాపాడటానికి చేసిన చట్టమే, పుస్తకం లేని ఒక ఆడమనిషిని వట్టి చేతులతో ఇంటికి పంపింది. సర్కారు పెళ్లికి ఇద్దరూ కలిసి రావాలి. మగవాడు రానంటే ఆమె ఒక్కతే ఏమి చేయగలదు?

మన దగ్గర చట్టం వేరు. నమోదు కానంత మాత్రాన ఆచారం ప్రకారం జరిగిన పెళ్లి చెల్లకుండా పోదు. నికాహ్‌కు ఖాజీ రాసే నికాహ్‌నామా ఆధారంగా ఉంటుంది. అయినా ఏ మతం వారైనా పెళ్లిని నమోదు చేయించి తీరాలని ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం చేశారు. భర్త పోయిన ఇల్లాలిని ఏ కార్యాలయంలోనైనా ముందుగా అడిగేది కాగితమే. ఆ కాగితం సంపాదించవలసింది మాత్రం ఇద్దరూ బతికి, చల్లగా ఉన్న రోజులలోనే.