కొండ లేని ఊళ్ళో కొండ సైకిలు

మా ఆఫీసు తంజోంగ్ పగార్‌లో. అక్కడి గుయోకో టవర్ ఎత్తు 290 మీటర్లు. సింగపూర్ మొత్తానికీ ఎత్తైన కొండ బుకిట్ తిమా, దాని ఎత్తు 164 మీటర్లే. అంటే మా పక్క బిల్డింగు కొండకంటే పొడుగన్నమాట! అలాంటి ఊళ్ళో మౌంటెన్ బైకు కొంటానంటే మా ఆవిడ నవ్వడంలో తప్పేముంది? (మన ఊళ్ళో బైకంటే మోటారు సైకిలు. ఇక్కడ నేను చెప్తున్నది కాళ్ళతో తొక్కేదే.)

ఆవిడ నవ్వినా నేను కొన్నాను. ముందూ వెనకా స్ప్రింగులు, 21 గేర్లు, డిస్క్ బ్రేకులు, పైగా చవక. ఫీచర్ల జాబితా చూసి సాఫ్ట్‌వేరు కొనే కస్టమర్లను వెక్కిరించే నేనే, ఆ జాబితా చూసి పడిపోయాను. మూడో ఆదివారం బుకిట్ తిమా ట్రెయిల్లో నిజంగానే పడ్డాను. వాన వెలిసిన దిగుడు. బ్రేకు లీవరు హ్యాండిల్‌ని తాకేదాకా నొక్కినా బండి ఆగలేదు. కుడి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు ఎడంచేత్తో కోడు కొట్టాను. ఇంటికొచ్చాక చూస్తే ఫ్రేము కింద చిన్న స్టిక్కరు: "రోడ్డు దాటి వాడరాదు". రీడ్‌మీ ఫైలు చదవకుండా ఇన్‌స్టాల్ చేస్తే అంతే మరి!

రెండోసారి కొనేముందు నేర్చుకున్నది మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

ఎక్కడ తొక్కుతారు?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. తంజోంగ్ పగార్ రైల్వే స్టేషను 1932లో మొదలైంది. 2011 జూన్ 30 రాత్రి చివరి రైలు వెళ్ళిపోయింది. ఆ పట్టాలు తీసేసిన దారే ఇప్పటి రైల్ కారిడార్, ఉడ్‌ల్యాండ్స్ దాకా 24 కిలోమీటర్లు. మీరు తొక్కేది ఇంతవరకే అయితే మౌంటెన్ బైకు అక్కర్లేదు, కాస్త వెడల్పు టైర్లున్న మామూలు సైకిలు చాలు. ఎమ్మార్టీలో మడతపెట్టే సైకిళ్ళనే రానిస్తారు కాబట్టి నాకు మాత్రం బుకిట్ తిమా వైపు వెళ్ళడానికి ఇదే దారి. వేళ్ళూ రాళ్ళూ ఉన్న బుకిట్ తిమా, చెస్ట్‌నట్ ట్రెయిళ్ళకో, పులావ్ ఉబిన్‌లో 2008లో తెరిచిన కెటమ్ పార్కుకో వెళ్తానంటేనే ముందుకు చదవండి.

ఫ్రేము అంటే మదర్‌బోర్డు

మిగతావన్నీ తర్వాత మార్చుకోవచ్చు, ఫ్రేము మార్చలేం. మొదట కొలత చూడండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో సమానం కాదు. ఫ్రేముకి రెండువైపులా కాళ్ళు నేలకానించి నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. చేతులు మరీ చాచకుండా హ్యాండిల్ అందాలి. ఆ తర్వాత చూడాల్సినవి కింద లావుగా ఉండే హెడ్ ట్యూబు, చక్రం మధ్యలోంచి దూరే త్రూ యాక్సిల్. ఇవి ఉంటే రేపు మంచి ఫోర్కు, మంచి చక్రాలు దొరుకుతాయి. లేకపోతే అప్‌గ్రేడ్ దారి మూసుకుపోయినట్టే.

ముందు ఫోర్కు చాలు

తక్కువ ధరలో వెనక స్ప్రింగు కూడా ఇస్తున్నారంటే ఇంకెక్కడో కోత పెట్టారని అర్థం. అదే డబ్బుకి ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ మేలు. ఇక్కడి ట్రెయిళ్ళకి 100 నుంచి 120 మిల్లీమీటర్ల ఫోర్కు సరిపోతుంది. స్ప్రింగుది కాకుండా గాలిది తీసుకోండి. మన బరువుని బట్టి గాలి కొట్టుకోవచ్చు. ఎక్కి కూర్చుంటే ఫోర్కు తన మొత్తం కదలికలో ఐదో వంతు దాకా దిగాలి.

ఆగడం ముఖ్యం

డిస్క్ కనిపించగానే మురిసిపోకండి. నా పాత బండిలో ఉన్నదీ డిస్కే, కానీ తీగతో లాగేది. తీగ సాగుతుంది, తుప్పు పడుతుంది, చాలావాటిలో ఒక వైపు ప్యాడే కదులుతుంది. హైడ్రాలిక్ బ్రేకులో నూనె ఒత్తిడి రెండు వైపులా సమానంగా నొక్కుతుంది, ఒక్క వేలు చాలు. అసలీ ఆట బ్రేకుల కష్టంతోనే పుట్టింది. 1976లో కాలిఫోర్నియాలో మొదలైన ఒక పందేనికి 'రీప్యాక్' అని పేరు. దిగుడులో వెనక్కి తొక్కి ఆపే బ్రేకు వేడెక్కి గ్రీజు కాలిపోయేది, కిందికి చేరాక మళ్ళీ నింపుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు.

గేర్లు లెక్కపెట్టకండి

చిన్న లెక్క చేద్దాం. నా 21 గేర్ల బండికి ముందు పళ్ళచక్రాలు 24 నుంచి 42 పళ్ళు, వెనక 14 నుంచి 28. మొత్తం వ్యాప్తి 1.75ని 2తో గుణిస్తే 3.5 రెట్లు. కొత్త బండికి ముందు ఒకటే చక్రం, వెనక 10 నుంచి 51 పళ్ళ దాకా పన్నెండు. వ్యాప్తి 5.1 రెట్లు! తక్కువ గేర్లే ఎక్కువ పని చేస్తాయి. ఆ 21లో చాలా గేర్లు ఒకదానికొకటి నకళ్ళే. షిమానోలో డియోర్ స్థాయి మనలాంటి ఆదివారం వీరులకి చాలు. పైన ఉన్న ఎక్స్‌టీ, ఎక్స్‌టీఆర్‌లలో ఎక్కువగా కొనేది తగ్గిన బరువునే.

బడ్జెట్లో హెల్మెట్‌కీ, గ్లవ్సుకీ, ఏడాదికోసారి సర్వీసుకీ డబ్బు మిగుల్చుకోండి. ఇక్కడి తేమకి చైను ఎంత త్వరగా ఎర్రబడుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. కొనేముందు తొక్కి చూడండి. తొక్కనివ్వని షాపులో కొనకండి.

మొన్న ఆదివారం అదే దిగుడులో, అదే వేరు దగ్గర, ఒక్క వేలితో బండి ఆపాను. మణికట్టు ఒకసారి చూసుకుని మళ్ళీ బయల్దేరాను. ఆ స్టిక్కరు ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది. ఏ సైకిలు కొనమంటావని ఎవరైనా అడిగితే ముందు దాన్నే పంపిస్తాను.