వాకిలి తెఱచిన యిల్లు

మా కోకాపేటలో 2023 ఆగష్టు వేలమున ఎకరము నేల 100.75 కోట్ల రూపాయల వఱకు పలికినది. ఇట్టి నగరమున నొక కుటుంబమువారు తమ యింటిని పాటకును తేనీటికిని విడిచిరన్న నమ్ముదురా?

బంజారాహిల్సులో ఛాయాచిత్రకారులగు మొయీద్ హసన్ గారి గృహముండెను. వారు గతించిన పిదప ఆప్తులగు అష్హర్ ఫర్హాన్ గారును మిత్రులును 2010లో దానిని కళలకై తెఱచి ‘లామకాన్’ అని పేరిడిరి. ఉర్దూలో మకాన్ అనగా నిల్లు. లామకాన్ అనగా ఎల్లలు లేని చోటు. ఆరుబయట వేదికపై గానము, నాటకము, చర్చ. చెంతనే ఇరానీ చాయ్, సమోసాలు. నేను పోయిననాడు ఒక బాలిక ఒంటరిగా, నిర్భయముగా కూర్చుండి పాట వినుచుండెను. ఆ దృశ్యము నేటికిని మఱవలేదు.

ఇట్టి శాలలకు పెద్దక్క యొకతె అమెరికాలో కలదు. న్యూయార్కు రాష్ట్రమందలి సరటోగా స్ప్రింగ్సులో 1960లో లీనా స్పెన్సరు భర్తతో కూడి కాఫీశాల తెఱచెను. భర్త విడిచిపోయినను ఆమె తలుపు మూయలేదు. ఇంకను పేరుపొందని బాబ్ డిలన్ 1961లో అచట పాడెను. 1989లో ఆమె గతింపగా, అభిమానులు దానిని లాభాపేక్ష లేని సంస్థగా నిలిపిరి.

లాభమునే లెక్కించినచో ఈ రెండును పుట్టియుండవు. అతిథికి పీట వేయుట మనకు క్రొత్తయా? మా మేడలలో పాడు గొంతులు కలవు. కూర్చుండి వినుటకు అరుగు లేదు. అమ్మలారా! నెలకొక సాయంకాలము కాఫీ కాచి, పొరుగింటి పిల్లను పాడ బిలువుడు. అరుగు తానే యేర్పడును.