పచ్చగాలి

నంద్యాలలో గాని, ఆళ్లగడ్డలో గాని ఎండ తగ్గిన వేళ గుడి త్రోవను నడచేవారికి పూలబుట్టల ముందు ఒక క్షణం కాళ్లు ఆగుతాయి. తడిగుడ్డ క్రింద మల్లెమొగ్గలు ఇంకా కన్ను తెరవలేదు. పూలు కట్టే ఆమె రెండు మొగ్గలు అటు, రెండు మొగ్గలు ఇటు పేర్చి, దారాన్ని వేలికి మెలివేసి ముడి బిగిస్తుంది. కొన్ని ముడులు గడచిన తరువాత ఒక మరువపు రెమ్మను నడుమ ఇరికిస్తుంది. కొన్ని మాలలలో కనకాంబరం కూడ చేరుతుంది. కనకాంబరానికి రంగు ఉన్నది గాని వాసన లేదు. మరువానికి వాసన ఉన్నది గాని రంగు చెప్పుకోదగినది కాదు. ఒకదాని లోటును మరొకదానిచేత పూరించే ఈ లెక్కను ఆ చేతికి ఏ గురువూ పాఠంగా చెప్పి ఉండడు.

ఆ రెమ్మను తీసివేసి మాలను వాసన చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఒట్టి మల్లె తావి తియ్యనిది, బరువైనది. మూసిన గదిలో రాత్రంతా ఉంటే తలకు పట్టేది. మరువం పక్కన చేరగానే ఆ తియ్యదనానికి ఒక అంచు ఏర్పడుతుంది. పూవు మళ్లీ తీగమీదికి పోయినట్లు, దాని చుట్టూ ఆకులు మొలిచినట్లు తోస్తుంది. పరిమళద్రవ్యాలను కూర్చే పాశ్చాత్యులు పూల వాసనకు పచ్చియాకు వాసనను జతపరచిన అత్తరులను ఒక ప్రత్యేకమైన తరగతిగా లెక్కిస్తారు. తెలుగులో వానిని హరితపుష్ప పరిమళాలు అనవచ్చును. పేరు కొత్తదే గాని సరుకు మన స్త్రీల జడలకు పాతదే.

పచ్చి వాసన అంటే ఏమిటి? ఆకు చెక్కుచెదరక ఉన్నంతవరకు అది దాదాపు మూగగానే ఉంటుంది. కొడవలి తగిలి, లేక వ్రేళ్లమధ్య నలిగి, కణాల గోడలు చిట్లినప్పుడు ఆకులోని కొవ్వుపదార్థాలు ప్రాణవాయువుతో కలిసి, ఎంజైముల సహాయంతో క్షణాలలో ఆరేసి కర్బన పరమాణువుల చిన్న అణువులుగా విరుగుతాయి. వీనిలో ఒకదానికి రసాయన శాస్త్రజ్ఞులు ‘ఆకు ఆల్కహాలు’ అనే పేరు పెట్టినారు. కోసిన గడ్డి వాసనలో అది కూడ ఒక భాగం. అనగా మనం ఆహ్లాదకరమని పీల్చే ఆ పచ్చి వాసన నిజానికి మొక్క గాయపడినప్పటి కేక. పురుగు కొరికిన ఆకు విడిచే ఇటువంటి వాసనలను పట్టుకొని ఆ పురుగుకు శత్రువులైన కందిరీగ జాతులు వెదకుకొంటూ వస్తాయి. పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ప్రయోగశాల అక్కరలేదు. బడి ఆవరణలోని గరికను నలిపి పిల్లల ముక్కుల దగ్గర పెడితే చాలును.

మల్లె సంగతి వేరు. కోసిన తరువాత కూడ అది ప్రాణమున్నదానివలె తావిని పుట్టిస్తూనే ఉంటుంది. పగలు కోసిన మొగ్గ రాత్రి జడలో విచ్చుకోవడం అందుకే. దాని వాసనలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉన్నది. కొద్దిగా ఉన్నప్పుడు అది పూవుకు నిండుదనమిస్తుంది. మితి మీరితే పేడకుప్పను జ్ఞాపకం చేస్తుంది. సుగంధానికి, దుర్గంధానికి నడుమ గోడ లేదు, మోతాదు మాత్రమే ఉన్నది.

మరువానికి తోడు దవనాన్ని కూడ చెప్పకపోతే తప్పవుతుంది. చైత్రమాసంలో ఆలయాలలో దేవునికి దవనం సమర్పించే ఉత్సవమొకటి ఉన్నది. వృక్షశాస్త్రజ్ఞులు ఆర్టిమీసియా పాలెన్స్ అని పిలిచే ఈ చిన్న మొక్క దక్షిణభారతపు పొలాలలో పెరుగుతుంది. దానినుండి తీసిన తైలం ప్రపంచమంతటి పరిమళశాలలకు ఇక్కడినుండియే పోతుంది. అక్కడివారు దానికి వేరే పేరు వెదకలేదు, ‘దవన’ అనియే పిలుస్తున్నారు.

ఇక, ఒక పచ్చని వాసన వలన ఒక పరిమళకర్త లోకానికి తెలిసిన వృత్తాంతం. జెర్మేన్ సెల్యే 1909లో ఫ్రాన్సు దేశంలోని బోర్దో నగరంలో పుట్టినది. పారిస్ నగరానికి పోయి రసాయనశాస్త్రం చదివి, సుగంధద్రవ్యాలు తయారుచేసే రూర్ అనే సంస్థలో చేరినది. ఆ కాలంలో పరిమళాలు పూసుకొనేవారు స్త్రీలు, కూర్చేవారు పురుషులు. గ్రాస్ పట్టణంలోని సుగంధకుటుంబాలలో తండ్రినుండి కుమారునికి విద్య సంక్రమించేది. అటువంటి చోట వంశమూ లేక, పురుషుడూ కాక, చదువును మాత్రమే నమ్ముకొని వచ్చిన మనిషి సెల్యే.

1944లో రొబేర్ పిగే అనే వస్త్రశిల్పికోసం ఆమె ‘బాండీ’ అనే పరిమళాన్ని కూర్చినది. అది పూలబుట్ట కాదు, తోలు వాసన. మెచ్చినవారున్నారు, ఉలిక్కిపడినవారూ ఉన్నారు. ఆమె పేరును నిలబెట్టినది 1947లో పియేర్ బాల్మాఁ గృహంకోసం చేసిన ‘వాఁ వేర్’. ఆ మాటకు పచ్చగాలి అని అర్థం. నాలుగేండ్లపాటు పరాయిసేనల క్రింద ఉండి, బొగ్గుకూ రొట్టెకూ వరుసలలో నిలబడి అలసిన నగరానికి ఆ సీసా మూత తీయగానే కోసిన పచ్చికబయలు ఎదురైనది.

ఆ పచ్చదనానికి మూలమైన సరుకును గూర్చి చెప్పవలె. గాల్బనం అనే బంక ఇరాన్ దేశపు కొండలలో పెరిగే ఒక మొక్కనుండి కారుతుంది. మన పోపులపెట్టెలోని ఇంగువ మొక్కకు అది తోబుట్టువు, రెండును ఫెరూలా అనే ఒకే ప్రజాతికి చెందినవి. బైబిలులో చెప్పిన దేవాలయ ధూపంలో కూడ దీని పేరు కనిపిస్తుంది. పచ్చి చిక్కుడుకాయను ఫెళ్లున విరిచినప్పుడు, పచ్చిమిరప తొడిమను తుంచినప్పుడు ముక్కుకు తగిలే వాసన ఎటువంటిదో దీని వాసన అటువంటిది, కాని అంతకు పదింతల చేదు. ఇతరులు దీనిని బొట్టు బొట్టుగా, భయపడుతూ వాడేవారు. సెల్యే నూటికి ఎనిమిది పాళ్లు పోసినదని పరిమళ చరిత్రకారులు చెబుతారు. గులాబి, మల్లెజాతి పూలు, లోయలిల్లి ఆ చేదుకు ఎదురుగా నిలబడినవి. ఎవరూ ఎవరికీ లొంగలేదు. అందులోని అందమంతా ఆ లొంగకపోవడంలోనే ఉన్నది. అదే సంవత్సరం వెలువడిన ‘మిస్ దియోర్’లో కూడ గాల్బనం ఉన్నది గాని, అక్కడ అది సభామర్యాద నేర్చిన అతిథి. తరువాత 1969లో ‘షమాడ్’, 1970 దశకం మొదట ‘షనెల్ 19’ ఆ పచ్చత్రోవనే నడచినవి. సెల్యే మాత్రం అక్కడ ఆగక, మరుసటి సంవత్సరమే ‘ఫ్రాకా’ను కూర్చినది. అది మన అంగళ్లలో లిల్లీలని అమ్మే పూవుకు పట్టాభిషేకం.

కొత్త పరిమళకర్తను పరీక్షించడానికి హరితపుష్పం మంచి ఒరగల్లు. ఆకు పాలు ఎక్కువైతే అది కూరగాయల గంప అవుతుంది. తక్కువైతే స్నానపు సబ్బు అవుతుంది. కస్తూరి, గంధం, సాంబ్రాణి వంటి బరువు సరుకులతో లోపాలను కప్పిపుచ్చవచ్చును. పచ్చదనం దేనినీ కప్పదు. పైగా ఆకు వాసన తొందరగా ఎగిరిపోయేది. అది పోయిన తరువాత ఏమి మిగిలినదో అదే కూర్చినవాని పస. అందువలన తెలిసినవారు అట్టముక్క మీద ఒక బొట్టు వేసి, వెంటనే ఒకసారి, గంట గడచిన తరువాత ఒకసారి, మరునాటి ఉదయం ఒకసారి వాసన చూస్తారు. మొదటి పాదం చూచి కవిని మెచ్చుకొని, నాలుగవ పాదంలో చింతించిన పాఠకులకు ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఈ విద్యకు మన దేశంలో పేరు లేకపోలేదు. అరువదినాలుగు కళలలో గంధయుక్తి ఒకటి. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. పదునారు ద్రవ్యాలనుండి నాలుగేసి చొప్పున ఏరుకొంటే 1820 విధాలుగా ఏరుకోవచ్చునని ఆయన లెక్క కట్టినాడు. ఉన్నత తరగతుల విద్యార్థులు ఈ సంఖ్యను స్వయంగా సరిచూచుకోవచ్చును. జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు అత్తరుల జోలికి పోయినది ఆ గణితపు రుచి వల్లనే కాబోలు.

తెలుగునాట అయితే పరిమళమనగానే కొండవీడు జ్ఞాపకం వస్తుంది. ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికి సోపానాలు కట్టించిన ప్రభువు. ఆయన ఆస్థానకవి ఎఱ్ఱన నృసింహపురాణంలో ఆ క్షేత్రాన్ని కీర్తించినాడు. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం పోయేవారికి ఆ వంశపు పేరు ఈ విధంగా దగ్గరిది. ఆ వంశంలోని కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు జరిపి కర్పూర వసంతరాయలనిపించుకొన్నాడు. ఆ కాలపు సుగంధవర్తకుడు అవచి తిప్పయశెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చి, కర్పూరం ఎక్కడినుండి, కస్తూరి ఎక్కడినుండి, చీనాంబరాలు ఎక్కడినుండి ఆయన తెప్పించినాడో చెప్పినాడు. ఓడలు తిరిగిన దేశాల పేర్లు నిలిచినవి, తెప్పించిన శెట్టిగారి పేరు నిలిచినది. ఆ ద్రవ్యాలను నూరి, కలిపి, పాళ్లు నిర్ణయించిన చేతుల పేర్లు మాత్రం మనదాకా రాలేదు. కృతిభర్త అయినందువలన వర్తకుడు బ్రతికినాడు.

ఐరోపాలో కూడ చాలకాలం ఇదే పద్ధతి. సీసా మీద వస్త్రశిల్పి పేరు, సంస్థ పేరు. కూర్చినవారి పేరు ఎక్కడా ఉండదు. 2000 సంవత్సరంలో ఫ్రెదెరిక్ మాల్ అనే ఆయన పుస్తక ప్రచురణకర్తవలె వ్యవహరించి, పరిమళకర్తల పేర్లను సీసాల మీదనే అచ్చువేయించినాడు. కొత్త చేతిని వెదకే రసికులకు అప్పటినుండి పని సులువైనది. ఇంతలోనే 2006 జూన్‌లో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం, ఒక పరిమళకర్త తెచ్చిన వ్యాజ్యంలో, సుగంధాన్ని కూర్చడం కేవలం నేర్పును అమలుపరచడమే గాని గ్రంథస్వామ్యానికి అర్హమైన రచన కాదని తీర్పు చెప్పినది. విచిత్రమేమంటే అదే నెలలో హాలండు దేశపు అత్యున్నత న్యాయస్థానం ఇందుకు సరిగా వ్యతిరేకంగా, పరిమళం కూడ రచనయే కావచ్చునని నిర్ణయించినది. పరిమళాలకు పుట్టిల్లని పేరుపొందిన దేశం ఆ బిడ్డకు ఇంటిపేరు నిరాకరించినది!

స్వామ్యం లేనిచోట పాఠానికి రక్షణ ఉండదు. వాఁ వేర్‌ను 1990 దశకంలో రెండుమారులు ఇతరులు తిరగవ్రాసినారు. పేరు అదే, రంగు అదే; ఎనిమిది పాళ్ల ధైర్యం మాత్రం తగ్గినదని పాతదాన్ని ఎరిగినవారు బాధపడినారు. ఇంగువ కట్టిన గుడ్డ అనే మాటను ఇంగువ తోబుట్టువు విషయంలో వాడవలసి రావడం విధివిలాసమే. సెల్యే 1976లో మరణించినది, కనుక ఆ మార్పులను చూడలేదు. 1990లో వెర్సాయ్‌లో స్థాపించిన ఓస్మోతెక్ అనే పరిమళ భాండాగారం పాత సుగంధాలను వాని మొదటి పాళ్లతోనే తిరిగి కూర్పించి, చీకటిలో, 12 డిగ్రీల చల్లదనంలో, గాలి తగలకుండ ఆర్గాన్ వాయువు క్రింద దాచిపెడుతున్నది. వ్రాతప్రతులను చెదలనుండి కాపాడినవారికి ఈ శ్రమ అర్థమవుతుంది.

ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎన్నో ఊళ్ల గుడులకు చేరుతాయి. పీఠం మీద దాత పేరు ఉంటుంది. ఉలి పట్టినవాని పేరు ఉండడం అరుదు. అయినా శిల్పులు మాత్రం ఒక వ్రేలి గణుపును, ఒక కనుబొమ వంపును చూచి ఫలానావారి పని అని పోల్చుకొంటారు. పరిమళంలో కూడ అంతే. మనోరంజితపు పూవు ఆకుపచ్చగానే ఉండి ఆకులలో కలిసిపోతుంది, కంటికి అందదు; పండిన పండ్ల వాసన వచ్చిన దిక్కుకు చేయి చాచినవారికే చిక్కుతుంది.

ఈ విద్య నేర్చుకోగోరేవారికి ఫ్రాన్సులో వెర్సాయ్‌లోని పాఠశాల 1970నుండి ఉన్నది. మన దేశంలో అత్తరులకు పేరుపొందిన కన్నౌజులో 1991లో సుగంధ, రుచి అభివృద్ధి కేంద్రం ఏర్పడినది. ఎక్కడ చేరినా మొదటి పాఠం ఒకటే: కూర్చడం కాదు, గుర్తుపట్టడం. వందలాది ద్రవ్యాలను పేరు చూడకుండ వాసనతోనే చెప్పగలగవలె. ఆ అభ్యాసానికి నంద్యాల బడిపిల్లలు కన్నౌజుదాకా పోనక్కరలేదు. తులసి, మరువం, దవనం, కొత్తిమీర, కరివేపాకు, మారేడు, నిమ్మాకు, వేప, గరిక, వావిలి – ఈ పదింటిని వేర్వేరు పొట్లాలలో నలిపి ఉంచి, కండ్లకు గుడ్డ కట్టుకొని రోజుకొకసారి పేర్లు చెప్పి చూడవచ్చును. వానలు పడిన తరువాత మహానంది త్రోవలో ఆకులకు కొదవ ఉండదు.