బండి కన్నా ముందు ప్లగ్గు

హైబ్రిడ్ కొనాలా, ఎలక్ట్రిక్ కొనాలా అని షోరూములో అడిగితే, అక్కడ ఏది అమ్ముతున్నారో అదే మంచిదంటారు. నిజానికి దీనికి జవాబు బండిలో కంటే దాన్ని రాత్రిపూట నిలిపే చోట ఎక్కువగా ఉంది. అక్కడ మన మీటరుకు కలిపిన ప్లగ్గు ఉంటే ఎలక్ట్రిక్, లేకుంటే ఇప్పటికి హైబ్రిడ్. ఇంత తేలిగ్గా తేల్చేయడమేమిటని అనిపించవచ్చు కాబట్టి లెక్క చూద్దాం.

రెండిటి బలమూ మోటారే. మామూలు పెట్రోలు ఇంజను మింగిన ఇంధనంలో చాలా భాగం వేడిగా పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగి గురగురలాడుతున్నప్పుడు చక్రాలకు చేరేది సున్నా. 1997లో జపానులో వచ్చిన టయోటా ప్రియస్ ఈ దుబారాకే అడ్డుకట్ట వేసింది. బ్రేకు నొక్కినప్పుడు మోటారు జనరేటరుగా మారి, వృథా కావలసిన శక్తిని బ్యాటరీకి పంపుతుంది. బండి మెల్లగా కదిలేటప్పుడు ఇంజను ఆగిపోతుంది. మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ పరీక్షల్లో లీటరుకు దాదాపు 28 కిలోమీటర్లు ఇచ్చింది ఇందువల్లే. అందుకే హైబ్రిడ్ సత్తా హైదరాబాదు అమీర్‌పేట ట్రాఫిక్కులో తెలుస్తుంది, విజయవాడ హైవే మీద ఒకే వేగంతో పోతుంటే బాగా తగ్గిపోతుంది. (‘మైల్డ్ హైబ్రిడ్’ అనే పేరుకు మోసపోవద్దు. అందులో మోటారు ఇంజనుకు చేయి అందిస్తుందే గానీ, ఒంటరిగా బండిని లాగలేదు.)

ఇక ఖర్చు. లీటరు పెట్రోలు 107 రూపాయలనుకుంటే, రోడ్డు మీద 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు వంద కిలోమీటర్లకు 710 రూపాయల పైనే అవుతుంది. 22 ఇచ్చే హైబ్రిడ్‌కు 490 దాకా. ఎలక్ట్రిక్ కారు అదే దూరానికి 16 యూనిట్లు వాడుతుందనుకుందాం. ఇంట్లో యూనిట్ 10 రూపాయలైనా 160తో సరి. అదే బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 20 దాటితే ఖర్చు 320 పైకి ఎగబాకుతుంది, పైగా కాచుకుని కూర్చోవాలి. ఇంట్లో ప్లగ్గు లేనివాళ్లకు ఎలక్ట్రిక్ ఆకర్షణ సగానికి సగం కరిగిపోయేది ఇక్కడే.

కరెంటు బొగ్గు నుంచే కదా వస్తోంది, పొగ బండి నుంచి చిమ్నీకి మారిందంతే కదా అనే ఆక్షేపణ తోసిపుచ్చదగింది కాదు. మన దేశంలో కరెంటు ఉత్పత్తిలో ఇంచుమించు ముప్పాతిక వంతు బొగ్గుదే. యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పై లెక్క ప్రకారం వంద కిలోమీటర్లకు ఎలక్ట్రిక్ వాటా 11 కిలోల పైచిలుకు. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోలు కాబట్టి హైబ్రిడ్ వాటా పదిన్నర. చమురు శుద్ధి, రవాణాలను కలిపితే అదీ ఇంకాస్త పెరుగుతుంది. అంటే ఈ రోజుకు రెండూ దాదాపు సమానమే. కానీ కారు పదిహేనేళ్లు తిరుగుతుంది. ఈలోగా గ్రిడ్‌లోకి సౌర, పవన విద్యుత్తు వచ్చేకొద్దీ ఎలక్ట్రిక్ కారు వాటా దానంతటదే తగ్గుతుంది. హైబ్రిడ్‌కు ఆ యోగం లేదు, మొదటి రోజు తాగిన పెట్రోలే చివరి రోజూ తాగుతుంది. ఎలక్ట్రిక్ కారు వీధిలో పొగ వదలకపోవడం అదనపు లాభం.

ఖనిజాల వాదన ఇంకా గట్టిది. ఒక పెద్ద ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి పట్టే ఖనిజాలతో 90 హైబ్రిడ్‌లు చేయవచ్చని టయోటా అంటుంది. లిథియం కరువొస్తే ఆలోచించవలసిన మాటే. అయితే బ్యాటరీలోని లోహాలను మళ్లీ తీసి వాడుకోవచ్చు, కాలిన పెట్రోలును వాడుకోలేం. పన్నుల విషయంలో మాత్రం హైబ్రిడ్ తయారీదారుల గోడులో కొంత న్యాయముంది. ఎలక్ట్రిక్‌కు జీఎస్టీ 5 శాతమే, తెలంగాణలో 2026 చివరిదాకా రోడ్డు పన్ను కూడా లేదు. పెద్ద హైబ్రిడ్‌కు 40 శాతం జీఎస్టీ. ఈ అంతరం కొంత తగ్గించినా తప్పులేదు. కానీ ప్రభుత్వం వదులుకునే ప్రతి రూపాయీ ఏదో ఒక కారు ధర తగ్గించడానికే పోతే, అపార్ట్‌మెంటు సెల్లారులోకి వైరు లాగేదెవరు? కొత్త భవనాల పార్కింగులో 20 శాతం బండ్లకు ఛార్జింగ్ వసతి ఉండాలని 2019లోనే కేంద్రం నమూనా నిబంధనల్లో చేర్చింది. ఫ్లాటు కొనేవాళ్లు లిఫ్టు గురించి, మంజీరా నీళ్ల గురించి అడిగినట్టే దీని గురించీ బిల్డరును అడగవచ్చు. పాత అపార్ట్‌మెంట్లలో మీటరు నుంచి పార్కింగు దాకా లైను వేసుకుంటామంటే, ఒప్పుకోవలసింది అసోసియేషన్.