మీకు తెలుసా? నలుపును గీకితే పులి!
స్క్రాచ్‌బోర్డు మీద బొమ్మ రంగు పూస్తే వచ్చేది కాదు, రంగు గీకితే బయటపడేది. గట్టి అట్టపై తెల్లని చైనా మట్టి పూత, దానిమీద పలచగా నల్ల ఇండియా ఇంకు ఉంటాయి. అచ్చు బొమ్మల కోసం 19వ శతాబ్దంలో బ్రిటన్, ఫ్రాన్సుల్లో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది.

జంతువుల బొచ్చుకు ఇంత అనువైన పద్ధతి మరొకటి అరుదు. సన్నని కత్తి మొనతో, వెంట్రుక మొలిచే దిక్కునే ఒక్కో గీతా గీకుతారు. పులి ముక్కు మీద పొట్టి గీతలు, చెంపల దగ్గర పొడవాటివి. తర్వాత నీళ్లు కలిపిన ఇంకు పూసి మసకబరచి మళ్లీ గీకుతారు. బొచ్చుకు ఒత్తుదనం అలాగే వస్తుంది. కంటిపాపను నల్లగా వదిలి, ఒక్క మెరుపు చుక్క గీకితే చాలు, పులి చూస్తున్నట్టే ఉంటుంది. మీసాలు చివర్లో, చెయ్యి ఆపకుండా ఒకే గీతలో. చెయ్యి బరువై మట్టి పూత దాటిందా, అట్ట బయటపడుతుంది. అక్కడిక తెలుపు రాదు.